జన్యువుల్ని నిద్రలేపే గోళీలు

బాణలిలో ఆవాలు చిటపటలాడాయి. ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి, కరివేపాకు దూసి పడేశాను. హాల్లో కూర్చున్న మా ఆయన లేచి వచ్చి వంటింటి తలుపు వేసేశాడు. వేసి, అవతలి నుంచి అన్నాడు: "జర ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టవే. ఆ వాసనకు కడుపుల తిప్పుతున్నది."

పప్పుచారు పోపు వాసన తగిలితే బ్యాగు భుజం మీద ఉండగానే గరిటె అందుకునే మనిషి. నేను మూసిన తలుపు వంక చూస్తూ స్టవ్ ఆపేశాను. నూనె పాతది కాదు, వెల్లుల్లి మాడలేదు. తేడా వచ్చింది ఆయన ఒంట్లో. ఇంటికి ఏదో అపాయం వచ్చిందని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే, చేతిలో ఇంగువ డబ్బా పట్టుకుని నిలబడి.

నేను బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివాను. నూనె వాసన పడకపోవడం, ఆకలి చచ్చిపోవడం ఏ అవయవం గురించి చెప్పే పాఠంలో ఉంటాయో నాకు గుర్తుంది. ఆయన మాత్రం గ్యాస్ అన్నాడు. మజ్జిగ తాగి పడుకున్నాడు.

పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇదంతా రాస్తున్నాను. మా అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు నా గురించి రెండు రకాలుగా మాట్లాడుకుంటున్నారు. నలుగురి మంచి కోసం నోరు విప్పానని కొందరు, ఒక ఆడదాన్ని నలుగురిలో నిలబెట్టి పరువు తీశానని కొందరు. నలుగురి మంచి గురించి నేను ఆలోచించనే లేదు. నేను చేసింది పగ తీర్చుకోవడం. దానికి వేరే పేరు పెట్టి చెప్పుకోవాలని నాకు లేదు.

మా మామగారు బోరబండలో ఉండగా, ఇంకా నడివయసులోనే, రైల్వే స్టేషన్ మెట్లెక్కుతూ గుండె ఆగి పోయారు. మా ఆయనకు అప్పటికి మీసాలు కూడా రాలేదు. పోయినేడు ఆఫీసులో చేసే హెల్త్ చెకప్‌లో కొలెస్ట్రాల్ ఎక్కువని వచ్చేసరికి ఆ కాగితం చూస్తూ, "మా నాయిన రక్తమే గద" అన్నాడు. అప్పటి నుంచీ మెట్లు ఎక్కితే ఛాతీ మీద చెయ్యి పెట్టుకునేవాడు.

సరిగ్గా అలాంటివాళ్ళ కోసమే మా నార్సింగి అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో ఆదివారం క్లాసు ఉంది. నడిపేది మా పక్క బ్లాకులో ఉండే ఆమె. ఒకప్పుడు ఏదో కంపెనీలో హెచ్ఆర్‌గా చేసి మానేసి, వెల్‌నెస్ కోచ్ అయింది. అందరూ కోచ్ మేడమ్ అంటారు. కోనసీమ వైపు మనిషి, మాటకో అండీ.

"జీన్స్ అంటే మన తలరాత కాదండీ. స్విచ్‌లండీ," అనేది మొదటి క్లాసులోనే. "మీ నాన్నగారి హార్ట్ జీన్ మీలో ఉంది. ఉండనివ్వండి. దాన్ని మనం ఆఫ్ చేద్దాం. మంచి జీన్స్ నిద్రపోతున్నాయి. వాటిని లేపుదాం. దేంతో అండీ? మన వంటింట్లో ఉన్నవాటితోనే."

వంటింట్లో ఉన్నవి ఆమె దగ్గర సీసాలో ఉండేవి. పసుపు సారం, గ్రీన్ టీ సారం, మిరియాల సారం, మూడూ కలిపిన నారింజ రంగు గోళీలు. మా ఆయన పొద్దున, రాత్రీ వేసుకునేవాడు. తండ్రి చావుకు ఒక స్విచ్ ఉందని చెప్పినవాళ్ళను ఏ కొడుకైనా నమ్ముతాడు. నేను ఒకసారి సీసా తిప్పి చూసి ఇదేంటని అడిగితే, పక్కనే ఉన్న మా అత్తమ్మే అడ్డం వచ్చింది. "పసుపే గదనే. పసుపు ముట్టిన చెయ్యికి చెడు జరుగుతదా? ఏస్కోనియ్యి."

వానలు మొదలైనప్పటి నుంచి ఆయన బరువు తగ్గుతూ వచ్చాడు. బెల్టుకు కొత్త కన్నాలు పొడిపించాడు. కోచ్ మేడమ్ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి పెద్ద బ్యానర్ చేయించింది. ఎడమ పక్క పొట్టతో మా ఆయన, కుడి పక్క బుగ్గలు లోపలికి పోయిన మా ఆయన. కింద 'జీన్స్ మాట విన్నాయి' అని రాయించింది. అది క్లబ్‌హౌస్ గోడకు పెట్టారు. క్లాసు వాట్సాప్ గ్రూపులో చప్పట్లే చప్పట్లు. ఎవరో మూత్రం ముదురు పసుపుగా వస్తోందేంటి మేడమ్ అని అడిగితే, "పసుపు పనిచేస్తోందండీ, లోపలి మురికి అంతా పోతోంది, కంగ్రాట్స్" అని జవాబు పెట్టింది. అది చదివి మా ఆయన నాకు ఫోన్ చూపించాడు. "నాకు గూడ గట్లనే వస్తున్నది" అన్నాడు, పరీక్ష పాసైన పిల్లాడిలా.

పోపు రోజు మర్నాడు బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే ఆయన ఎండలోకి వచ్చి నిలబడ్డాడు. కళ్ళల్లో తెల్లగుడ్డు అనేది లేదు.

అప్పటికి మా అత్తమ్మ ఇంట్లోనే ఉంది. చూడగానే కూలబడిపోయింది. "కామెర్లురా కొడుకా. ఇంగిలీషు మందు పడదు దీనికి. బోరబండల పసరు పోసేటామె ఉన్నది. ఉప్పు, నూనె బంద్ చేసి పసరు తాగితే దిగిపోతది."

"అత్తమ్మా, ఇప్పుడు ఇంకో ఆకు లోపలికి పోవద్దు," అన్నాను. "దవాఖానకు పోదాం."

"ఆకు ఏం జేసిందే నిన్ను?"

"నన్నేం చేయలేదు. చెప్పులు వేసుకోండి."

ఆసుపత్రిలో లివర్ డాక్టరమ్మ ఆయన కళ్ళు చూసి, పొట్ట నొక్కి, ఏం మందులు వాడుతున్నావని అడిగింది. ఏం లేవు మేడమ్ అన్నాడు. మద్యం లేదు. పెయిన్ కిల్లర్లు లేవు. మా ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్కలో అది మందు కాదు, తిండి. నేను హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పట్టుకుని వెనక ఉన్న సన్నటి అక్షరాలు చదివింది. చదవడం అయ్యాక మమ్మల్ని చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. అందులో కోపం లేదు. ఇది ఆమెకు కొత్త కాదు.

"ఇవి ఇప్పుడే ఆపేయాలి. అడ్మిట్ అవ్వండి," అంది. తర్వాత నన్ను ఒక్కదాన్నే పిలిచి చెప్పింది. రక్తం గడ్డకట్టడం కూడా నెమ్మదించిందట. చాలామందికి ఆపేస్తే తగ్గుతుందట, కొందరికి తగ్గదట. తగ్గకపోతే లివర్ మార్చడం గురించి మాట్లాడాల్సి వస్తుందట. "ఇప్పుడే భయపడకండమ్మా," అంది. మా పెద్దమ్మాయికి మర్నాడు లెక్కల పరీక్ష ఉందని మాత్రమే నాకు గుర్తొచ్చింది.

కామెర్లు తెచ్చే వైరస్‌లు ఒక్కటీ లేవని పరీక్షల్లో తేలింది. మిగిలింది ఆ సీసానే.

ఆ రాత్రులు ఆయన మంచం పక్కన కూర్చుని చదువుకున్న చదువు అంతా తిరగేశాను. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు కూడా పసుపు మీదే. గాజు పళ్ళెంలో కాలేయ కణాలు పెంచి, వాటి మీద పసుపు సారం చుక్కలు వేసి, ఏ జన్యువు ఎంత పలికిందో, అంటే ఎంత పనిచేసిందో, కొలిచేవాళ్ళం. పలికేవి. అది అబద్ధం కాదు. మనం తినే పసుపు, వెల్లుల్లి, కాకర, టీ ఆకు, వీటిలో ఉన్నవి మన జన్యువుల్ని మార్చవు గానీ, ఏ జన్యువును ఒంటికి ఎంత చదివి వినిపించాలో సర్దుతాయి. ఒకదాన్ని గట్టిగా, ఒకదాన్ని మెల్లగా. కానీ గాజు పళ్ళేనికి పేగు లేదు. దానికి పెళ్ళాం పిల్లలు లేరు. అది పాడైతే కడిగి ఇంకోటి పెట్టుకునేవాళ్ళం.

ఇంకో సంగతి కోచ్ మేడమ్ ఎప్పుడూ చెప్పలేదు, ఆమెకు తెలుసో లేదో నాకు తెలియదు. మొక్క వాటిని మన ఆరోగ్యం కోసం తయారు చేసుకోలేదు. మొక్కకు కాళ్ళు లేవు. కొరకడానికి వచ్చినదాన్ని చూసి పారిపోలేదు, అరవలేదు. అందుకని ఒంట్లో చేదు, ఘాటు, వగరు నింపుకుని కూర్చుంటుంది. ఆ ఘాటు లోపలికి రాగానే మన ఒళ్ళు పరాయిది వచ్చిందని గుర్తుపట్టి, దాన్ని బయటికి తోసే జన్యువుల్ని లేపుతుంది. ఆమె నిద్రలేపడం అని అమ్మింది ఆ కంగారునే. కూరలో చిటికెడు అయితే ఆ కంగారు ఒంటికి మంచి కసరత్తు కావచ్చు. పసుపులో చాలాభాగం అసలు రక్తంలోకే రాదు, వచ్చిన దారిన పోతుంది. గోళీలో పిడికెళ్ళ కొద్దీ పసుపును సారంగా కుదించి నింపి, అది బయటికి పోకుండా మిరియాల సారంతో తలుపు గడియ పెట్టారు. లోపల కాలేయం ఒక్కటే, రోజు తర్వాత రోజు, ఆ ముట్టడిని తట్టుకుంటూ వచ్చింది.

నేనూ ఆ వారమంతా మొక్కలాగే కూర్చున్నాను. కదల్లేదు. చేదు నింపుకున్నాను.

ఆమెకు ఫోన్ చేసింది నేనే. ఆసుపత్రి కారిడార్‌లోంచి చెప్పాను, ఏం జరిగిందో, డాక్టరమ్మ ఏమందో.

"అయ్యో. త్వరగా కోలుకోవాలండీ సార్," అంది. "కానీ ఒక్క మాట అండీ, తప్పుగా అనుకోవద్దు. ఇంతమంది వాడుతున్నారు, ఎవరికీ ఏం కాలేదు. మీ వారి జీన్స్‌లోనే ఏదో తేడా ఉండుంటుంది."

"మీరేగా మేడమ్, జీన్స్ మాట వింటాయన్నారు."

"అందరివీ ఒకేలా వినవు కదండీ."

ఫోన్ పెట్టేశాను. నన్ను కాల్చింది ఆ మాట అబద్ధం కావడం కాదు, నిజం కావడం. డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. కొందరికి పుట్టుకతో ఒక చిన్న తేడా ఉంటుందట, అలాంటివాళ్ళ ఒళ్ళు ఈ సారాల మీద తిరగబడి తన కాలేయాన్నే కొట్టుకుంటుందట. ముందుగా ఎవరికీ తెలియదు. పిల్లలకు వచ్చి ఉంటుందా అని అడిగాను. "రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా ఆ గోళీల జోలికి పోకపోతే భయం లేదు," అంది. డాక్టరమ్మ నోట ఆ నిజం నన్ను కాపాడింది. కోచ్ నోట అదే నిజం తప్పు మొత్తం మా ఆయన మీదికి నెట్టింది. అమ్మేటప్పుడు జీన్స్ ఆమె చేతిలో స్విచ్‌లు. మనిషి పడిపోయాక అవి మా సొంత ఆస్తి.

అయినా అంతటితో ఊరుకునేదాన్నేమో. ఆయన్ని డిశ్చార్జ్ చేసి ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం పెద్దది వచ్చి మంచం పక్కన నిలబడింది.

"నాన్న జీన్స్ ఇంకా లేవలేదా?" అంది.

"ఎవరు చెప్పారే నీకు జీన్స్ గురించి?"

"కోచ్ ఆంటీ. క్లబ్‌హౌస్‌లో డాన్స్ క్లాస్ అయినాక వచ్చి మాకు చప్పరించే గోళీలు ఇస్తది కదా. తియ్యగా ఉంటాయి. చెల్లి రెండు తింటది."

చిన్నది నోరు తెరిచి నాలుక చూపించింది. నాలుక మామూలుగానే ఉంది. మర్నాడు ఇద్దరికీ రక్త పరీక్షలు చేయించాను. సూది గుచ్చితే చిన్నది ల్యాబ్ అంతా వినపడేలా ఏడ్చింది. రిపోర్టు వచ్చేదాకా నేను ముద్ద మింగలేదు. ఇద్దరికీ ఏం లేదు. ఏం లేదని చదివాక కూడా నా భయం తగ్గలేదు. తగ్గాల్సిన చోట అది ఇంకేదో అయింది.

మా అత్తమ్మ, అంతవరకు పసుపును ఒక్క మాట అననియ్యనిది, వంటింట్లోకి వచ్చి మెల్లగా అంది: "పిల్లగాళ్ళకు గూడ పెట్టిందా? దాన్ని ఇడువకు బిడ్డా."

ఆదివారం పొద్దున బీరువాలోంచి ఆయనకు తెల్ల చొక్కా తీసిచ్చాను. ఎందుకు తెల్లదో చెప్పలేదు.

"నేనెందుకే అక్కడికి? నువ్వు పోయి మాట్లాడు," అన్నాడు.

"నేను మాట్లాడితే మాటలు. నువ్వు కనబడితే చాలు."

"అందరు చూస్తరు."

"చూడాలి."

మా అత్తమ్మ కర్ర తీసుకుని ముందు నడిచింది.

క్లబ్‌హౌస్‌లో కర్టెన్లు వేసి పసుప్పచ్చటి దీపాలు పెట్టి ఉన్నారు. ఆ వెలుతురులో కామెర్లు కనబడవు. చాపల మీద, కుర్చీల్లో మనవాళ్ళే, రోజూ లిఫ్ట్‌లో కలిసేవాళ్ళు. గోడ మీద బ్యానర్. కోచ్ మేడమ్ మైకులో స్విచ్‌ల గురించే చెబుతోంది. తలుపు దగ్గర ఆయన తల కనబడగానే ముఖం వెలిగిపోయింది.

"మన ఇన్‌స్పిరేషన్ సార్ వచ్చేశారు. క్లాప్స్ ఇవ్వండీ."

చప్పట్లు కొట్టారు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి కర్టెన్ పక్కకు లాగాను. తర్వాత రెండోది. ఎండ నేరుగా ఆయన మీద పడింది. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

ముందు వరుసలో కూర్చున్న రిటైర్డ్ పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఏంది తమ్మీ, కండ్లు గిట్లయినయి?"

మా ఆయన నేల చూశాడు. "జీన్స్ నిద్ర లేసినయి అంకుల్," అన్నాడు.

ఎవరో ఒకరు నవ్వబోయి ఆపుకున్నారు.

"సార్‌కి కొంచెం జాండిస్ వచ్చిందండీ," అంది కోచ్ మేడమ్. "ఈ వానల్లో బయటి ఫుడ్, నీళ్ళు..."

"మొన్న ఫోన్లో జీన్స్ అన్నారు. ఇవాళ నీళ్ళంటున్నారు. ఏది మేడమ్?" అన్నాను.

"మీరు ఎమోషనల్‌గా ఉన్నారండీ. కూర్చోండి. పసుపు వల్ల ఎవరికైనా ఏమైనా అవుతుందా? మన అమ్మమ్మలు వాడలేదా?"

"ఓ మేడమ్," అంది మా అత్తమ్మ కర్ర మీద ఆనుకుని. "నేను పుట్టినప్పటిసంది పసుపు తింటున్న. కూరల తింటున్న. నీ సీసాల తినలే. నా కొడుకు తిన్నడు. చూడు, ఎట్ల మెరుస్తున్నడో."

డిశ్చార్జి కాగితంలో కారణం అని రాసిన చోట వేలు పెట్టి మా ఆయనకు ఇచ్చాను. చదివాడు. పసుపు, గ్రీన్ టీ సారాల వల్ల కాలేయానికి దెబ్బ. ఆఫీసు మీటింగుల్లో మాట్లాడే గొంతు కాదు అది. నా మనసు ఒక్కసారి గిలగిలలాడింది. ఆపలేదు.

"పెద్దవాళ్ళం, మా ఇష్టంతో మింగాం, సరే," అన్నాను. "డాన్స్ క్లాసులో పిల్లలకు చప్పరించేవి ఎవరిని అడిగి ఇచ్చారు?"

అప్పుడు లేచారు. అంతవరకు మా ఆయన్ని జాలిగా చూస్తున్న అమ్మలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మా వాడికీ ఇచ్చారా?" "నాకు విటమిన్ అని చెప్పింది." "నాకసలు చెప్పనే లేదు." ఒకామె క్లాసు మధ్యలోంచే చెప్పులు వెతుక్కుంటూ కొడుకు కోసం పరిగెత్తింది. కోచ్ మేడమ్ మైకు కింద పెట్టింది. వెనక్కి తిరిగి బ్యానర్ మేకు మీద చెయ్యి వేసింది.

"ఉండనివ్వండి మేడమ్," అన్నాను. "దాని పక్కన ఈయన్ని నిలబెట్టి ఇంకో ఫొటో తీసుకోండి. మూడోది."

ఆమె తీసుకోలేదు. వేరేవాళ్ళు తీసుకున్నారు. చీకటి పడేసరికి ఆ ఫొటో నానక్‌రామ్‌గూడ అపార్ట్‌మెంట్ల గ్రూపుల దాకా పోయిందని తెలిసింది. సీసాను, కాగితాలను డాక్టరమ్మకు ఇచ్చాను, మందుల వల్ల హాని జరిగితే ప్రభుత్వంలో పైవాళ్ళకు తెలియజేసే పద్ధతి ఉందని ఆమె చెప్పింది. అది నెమ్మదిగా జరిగే పని. నాకు కావాల్సింది ఆ ఆదివారం, దొరికింది.

బయటికి వస్తుంటే మెట్ల దగ్గర ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. "ఇంత మందిలోనా అండీ? ఇంటికొచ్చి చెప్పుంటే సరిపోయేది కదా. మా అమ్మాయికి కూడా అవే ఇస్తున్నానండీ నేను. నమ్మాను కాబట్టే ఇచ్చాను."

"ముందు ఫోన్లో మీకే చెప్పాను," అన్నాను. "మీ అమ్మాయికి ఆపేయండి." చెయ్యి విడిపించుకున్నాను. ఆ రెండో మాట అనకుండా ఉండాలని కూడా నాకు అనిపించింది. పిల్ల కాబట్టి అన్నాను. అంతకు మించి నా దగ్గర ఆమె కోసం ఏమీ లేదు.

ఇంటికొచ్చి మా ఆయన చొక్కా విప్పి కుర్చీ మీద వేశాడు. "మా నాయిన పోయిన దినం గిట్లనే చూసిండ్రు నన్ను అందరు," అన్నాడు. "నన్ను కట్టె లెక్క పట్టుకొని కొట్టినవు ఆమెను."

"అవును," అన్నాను. "పెరుగన్నం కలపనా?"

"కలుపు," అన్నాడు. తిన్నాడు, అరకంచం.

మర్నాడు సోమవారం. బస్సు వచ్చేలోగా జడలు వేస్తూ పిల్లలిద్దరినీ నా ముందు కూర్చోబెట్టుకున్నాను. నాన్నకు పడనిది మీకూ పడకపోవచ్చు అన్నాను. పడొచ్చు కూడా, ఎవరికీ తెలీదు, డాక్టరాంటీకి కూడా తెలీదు. కాబట్టి కంచంలో పెట్టింది తినండి. గోళీ, పొడి, చాక్లెట్‌లా ఉండే మందు ఎవరు ఇచ్చినా నోట్లో పెట్టుకోకుండా నా దగ్గరికి తీసుకురండి. టీచర్ ఇచ్చినా, నానమ్మ ఇచ్చినా అంతే. నేను ఇచ్చినా ఎందుకని అడగండి.

"నాన్న చచ్చిపోతాడా?" అంది చిన్నది.

"తగ్గుతోంది. నెమ్మదిగా తగ్గుతుంది," అన్నాను. నాకు తెలిసింది అంతే.

పెద్దది రిబ్బను సర్దుకుంటూ ఆలోచించింది. "లిఫ్ట్‌లో కోచ్ ఆంటీ కనిపిస్తే గుడ్ మార్నింగ్ చెప్పాలా?"

"చెప్పొద్దు."

"అది బ్యాడ్ మ్యానర్స్ కదా అమ్మా."

"అవును. అయినా చెప్పొద్దు. నాన్న కళ్ళు తెల్లబడేదాకా చెప్పొద్దు."

"తెల్లబడ్డాక?"

"అప్పుడు మళ్ళీ నన్ను అడగండి," అన్నాను. "అప్పుడు కూడా వద్దనే అంటాను."